ఖనిలో ఇల్లు, ఇరవై ఏండ్ల మిత్తి

రాండ్రి పిల్లలూ, అరుగు మీద జాగ ఉన్నది. చిన్నోడా, నువ్వు ఇటు జరుగు, అక్కకు చోటియ్యి. ఇయ్యాల మిత్తి ముచ్చట. మీ పెద్దన్న గోదావరిఖనిలో ఇల్లు కొంటనంటున్నడు గదా, పొద్దుగాల నుంచి ఇంట్ల ఒక్కటే లొల్లి. మీ బాపు అప్పు ఎనిమిదిన్నర శాతానికి తీసుకుందామంటడు, మీ చిన్నాయన ఇంకో బ్యాంకులో పావు శాతం తక్కువకు వస్తదంటడు. ఆ పావు కొరకు ఇద్దరూ చాయ్‌లు చల్లార్చుకుంటున్నరు. అసలు లెక్క పావులో లేదని నేనంటే వినేటోడు లేడు. మీరన్నా వినుండ్రి.

మొదలు అన్న రోజూ ఇక్కడి నుంచి ఖనికి పనికి తిరుగుడు సంగతి చూద్దాం. కరీంనగర్ నుంచి సుల్తానాబాద్, పెద్దపల్లి దాటి రాజీవ్ రహదారి మీద ఖనికి అరవై కిలోమీటర్ల పైచిలుకు. పోయివస్తే 120 పైనే. బండి లీటరుకు 50 కిలోమీటర్లు ఇచ్చినా రోజుకు రెండున్నర లీటర్ల పెట్రోలు కావాలె. లీటరు 107 రూపాయల లెక్కన నెలకు పాతిక రోజులు తిరిగితే ఆరున్నర వేలు బంకు పాలు. రామగుండం ఎండలు, బొగ్గు లారీల వెనుక దుమ్ము, రోజుకు మూడు గంటల పొద్దు, ఇవన్నీ లెక్కలోకి తీసుకోనే లేదు. ఇప్పుడు బ్యాంకు దిక్కు రా. ఎనిమిదిన్నర శాతం మీద ఇరవై ఏండ్లకు లక్ష రూపాయల అప్పు తీసుకుంటే నెల వాయిదా 868 రూపాయలు. ఆరున్నర వేలను 868తో భాగించు. ఏడున్నర లక్షల అప్పుకు సరిపోను వాయిదా వస్తది. అంటే అన్న ఇప్పటికే ఏడున్నర లక్షల ఇంటికి వాయిదాలు కడుతున్నడన్నట్టు, కాకపోతే బంకు వానికి!

ఇగ ఈ నెల వాయిదా, అదే ఈఎంఐ, దాని కడుపులో ఏమున్నదో విప్పి చూద్దాం. మన చెలకలో గరక పడ్డదనుకో. గరక గుణం తెలిసిందే, ఎంత ఉంటే అంతకు తగ్గట్టు కొత్తది మొలుస్తది. నెలకు వెయ్యి మొక్కలకు ఏడు మొక్కలు కొత్తగా వస్తయనుకో. ఎనిమిదిన్నర శాతాన్ని పన్నెండు నెలలకు పంచితే వచ్చేది ఇంచుమించు అంతే. నువ్వేమో ప్రతి నెలా ఒకే లెక్కన ఒక మోపు పీకుతవు. మొదటి ఏడు నువ్వు పీకే మోపులో ఎక్కువ భాగం ఆ నెల మొలిచిన కొత్త గరకే. పాత గరక తరిగేది కొంచెం. అది తరిగినకొద్దీ కొత్తది తక్కువ మొలుస్తది, అదే మోపులో పాతది ఎక్కువ వస్తది. ఈఎంఐ నెలనెలా ఒకటే అయినా దాని లోపలి పాలు మారుతనే ఉంటది. ఇంత ఇంపైన లెక్కను బడిలో సూత్రం చేసి బట్టీ పట్టిస్తరు, అదే నాకు బాధ.

పలక తియ్యి చిన్నోడా, రాయి. 20 లక్షలు, ఎనిమిదిన్నర శాతం, ఇరవై ఏండ్లు. నెల వాయిదా 17,356. మొదటి నెల అందులో మిత్తి 14,167, అసలుకు చేరేది 3,190 దాకా. ఏడాదంతా 2 లక్షల 8 వేలు కడితే అసలు తరిగేది 40 వేలు కూడా లేదు. అసలు సగానికి రావడానికి ఎన్నేండ్లు పడుతదో చెప్పుండ్రి చూద్దాం. పదేండ్లా? కాదు, పదమూడేండ్ల పది నెలలు. ఇరవై ఏండ్లు నిండేసరికి కట్టేది మొత్తం 41 లక్షల 65 వేల పైన, అందులో మిత్తే 21 లక్షల 65 వేలు.

ఇప్పుడు మీ చిన్నాయన పావు శాతం తగ్గించి చూడు. వాయిదా 17,041 అయితది. నెలకు 315 రూపాయలు, ఇరవై ఏండ్లకు 75 వేల పైచిలుకు మిగులుతది. తక్కువేం కాదు. అయితే మీ బాపు చెప్పిన రేటుకే ఇరవై ఏండ్లను పదిహేను చేసి చూడు. వాయిదా 19,695కు పెరుగుతది, అంటే నెలకు 2,340 ఎక్కువ. మిత్తి మాత్రం 15 లక్షల 45 వేలకు దిగుతది. ఆరు లక్షల పైన మిగిలింది! పావు శాతం కొరకు బ్యాంకులన్నీ తిరిగేటోళ్లు ఈ ఐదేండ్ల ముచ్చటే అడగరు.

ఇంకో దారి నాకు ఇంకా నచ్చుతది. అప్పు ఇరవై ఏండ్లకే రాయించుకో, చేతికి వెసులుబాటు ఉంటది. ఇల్లు పని దగ్గరికి వచ్చినంక పెట్రోలు మిగులుతది గదా, ఆ ఆరున్నర వేలలో ఐదు వేలు ప్రతి నెలా అసలు మీదికి కట్టు. పన్నెండేండ్లు నిండకముందే అప్పు తీరిపోతది. మిత్తి దాదాపు 11 లక్షల 80 వేల దగ్గర ఆగుతది. అంటే బండి తాగిన పెట్రోలే ఎనిమిదేండ్ల వాయిదాలను మింగుతది. ఏ నెలన్నా ఇంట్ల పెండ్లో, దవాఖాన ఖర్చో వస్తే ఆ ఐదు వేలు ఆపుకోవచ్చు, ఎవడూ అడగడు. మారే వడ్డీ మీద సొంతానికి తీసుకున్న ఇంటి అప్పును ముందుగా తీరిస్తే బ్యాంకులు జరిమానా వెయ్యొద్దని రిజర్వు బ్యాంకు 2012లోనే చెప్పింది.

కాలానికే ఇంత బలం ఎందుకున్నదని అడగరేం? 1683లో స్విట్జర్లాండులో జాకబ్ బెర్నూలీ అనే గణితజ్ఞుడు సరిగ్గా మిత్తి గురించే ఒక ప్రశ్న వేసుకున్నడు. రూపాయికి ఏడాదికి రూపాయి మిత్తి అనుకో. ఏడాది చివర ఒక్కసారి కడితే రెండు రూపాయలు. ఆరు నెలలకోసారి మిత్తిని అసలులో కలిపితే 2.25. మూడు నెలలకోసారి అయితే 2.44. నెలనెలా కలిపితే 2.61. రోజూ కలిపితే 2.71. ఇట్ల గంటకోసారి, నిమిషానికోసారి, రెప్పపాటుకోసారి కలుపుకుంటపోతే కుప్పలు కుప్పలు అయితదనుకుంటం గదా? కాదు, 2.718 దగ్గర ఆగిపోతది. పెరుగుదల, తరుగుదల ఉన్న ఎన్నో చోట్ల, మొక్కల్లో, జనాభాలో, చల్లారే చాయ్‌లో కూడా తగిలే అంకె అది. అప్పుల లెక్కలో దొరికింది! ఎన్నిసార్లు కలిపినవనే దానికి హద్దున్నది, ఎన్నేండ్లు మోసినవనే దానికి లేదు.

మిత్తి లెక్కలు మన దిక్కుకు కొత్తవి కూడా కావు. తొమ్మిదో శతాబ్దిలో రాష్ట్రకూట రాజు అమోఘవర్షుని కాలంలో మహావీరాచార్యుడు అనే జైన పండితుడు గణితసారసంగ్రహం రాసిండు. అందులో అసలు-మిత్తి లెక్కలు బోలెడు. దాన్ని పావులూరి మల్లన తెలుగులోకి తెచ్చిండు. మన వేములవాడ చాళుక్యులు ఆ రాష్ట్రకూటుల సామంతులే.   సరే, మళ్ల అప్పు కాడికి వద్దాం.

రేటు మారుతదన్న సంగతి మరువొద్దు. 2019 అక్టోబరు నుంచి బ్యాంకులు ఇచ్చే మారే వడ్డీ ఇంటి అప్పులను రిజర్వు బ్యాంకు పెట్టే రెపో రేటు లాంటి బయటి కొలతకు ముడిపెట్టిన్రు. ఆ రెపో 2020 మేలో 4 శాతం, 2023 ఫిబ్రవరికి ఆరున్నర, 2025 జూన్‌లో మళ్ల ఐదున్నర. రెండున్నర శాతం పెరిగితే ఏమైతదో చూడు. 7 శాతం మీద 20 లక్షలు ఇరవై ఏండ్లకు తీసుకున్నోని వాయిదా 15,506. కొత్తల్లనే రేటు తొమ్మిదిన్నర అయితే ఆ నెల మిత్తి ఒక్కటే 15,833. పీకే మోపు కన్నా మొలిచే గరక ఎక్కువ! ఎన్నేండ్లు కట్టినా తీరదు, పెరుగుతది. వాయిదా పెంచకుండ ఏండ్లు మాత్రమే సాగదీస్తే వచ్చే చిక్కు ఇదే. అందుకే రిజర్వు బ్యాంకు 2023 ఆగస్టులో, రేటు మారినప్పుడు వాయిదా పెంచుకుంటవా, ఏండ్లు పెంచుకుంటవా, రెండూ కొంత కొంతనా అని అప్పు తీసుకున్నోన్నే అడగాలని చెప్పింది. ఫోనుకు ఆ మెసేజ్ వస్తే చదవకుండ తుడిచెయ్యకుండ్రి.

చేతి పైసల సంగతి ఇంకా నాజూకు. 30 లక్షల లోపు అప్పుకు బ్యాంకు ఇంటి విలువలో 90 శాతం దాకా ఇయ్యొచ్చు. మన రాష్ట్రంలో 2021 జులై నుంచి రిజిస్ట్రేషన్ ఖర్చు మొత్తం ఏడున్నర శాతం. 23 లక్షల ఇంటికి 20 లక్షలు బ్యాంకు ఇస్తే, మిగిలిన 3 లక్షలు, రిజిస్ట్రేషన్‌కు లక్షా 72 వేలు, మొత్తం 4 లక్షల 72 వేలు మన జేబుల నుంచే. చేతిలో లేవని దాన్ని ఊర్ల రెండ్రూపాయల మిత్తికి తెచ్చిండనుకో, నెలకు 9,400 పైన మిత్తే. అసలుకు పైస తరగదు. అన్నకు ఒకటే మాట చెప్పిన, ఆ పైసలు కూడేదాకా ఖనిలోనే ఏడాది కిరాయికి ఉండు, పెట్రోలు అప్పుడు కూడా మిగులుతది.

ఇంకో కారణానికి కూడా కిరాయి మంచిదే. అన్న చేసేది రామగుండం ఎరువుల కర్మాగారంలో. అక్కడి పాత ఎఫ్‌సీఐ ఫ్యాక్టరీ 1999లో మూతపడ్డది. అదే జాగలో ఆర్‌ఎఫ్‌సీఎల్ మళ్ల ఎరువు తీసింది 2021లో. నడుమ ఇరవై ఏండ్ల పైన, అంటే ఒక ఇంటి అప్పు ఆసాంతం తీరేంత కాలం! కాగజ్‌నగర్‌లో సిర్పూర్ పేపర్ మిల్లు 2014లో ఆగి 2018లో మొదలైంది. మిల్లు ఆగితే జీతం ఆగుతది, చుట్టుపక్కల ఇండ్ల ధరలూ పడుతయి, వాయిదా మాత్రం ఐదో తారీఖున రానే వస్తది. అందుకే కనీసం ఆరు నెలల వాయిదా పక్కకు పెట్టకుండ సంతకం చెయ్యొద్దని నా పట్టు. సింగరేణిల చేసేటోళ్లకు ఇంటి అప్పు 10 లక్షల దాకా మిత్తిని కంపెనీ తిరిగి ఇచ్చే పద్ధతి ఉన్నది. అట్లాంటి సౌకర్యం తన ఆఫీసుల ఏమన్నా ఉన్నదేమో అన్న ముందు అడగాలె.

భూమి కాగితం చూడకుండ రేటు మాట్లాడుడు దండుగ. బొగ్గు ఊర్లల్ల సింగరేణి జాగలో కట్టుకున్న ఇండ్లు ఎన్నో. కొన్నిటికి జీవో 76 కింద పట్టాలు వచ్చినయి, కొన్నిటికి రాలేదు. పట్టా లేని ఇల్లు చవగ్గా దొరుకుతది, బ్యాంకు మాత్రం అప్పియ్యదు. ఉట్నూరు దిక్కు ఏజెన్సీలో అయితే 1/70 చట్టం ప్రకారం గిరిజనేతరులు భూమి కొననేరాదు. ఈసీ, లింక్ డాక్యుమెంట్లు తెచ్చి బ్యాంకు లాయరుకే కాదు, మనకు తెలిసిన ఇంకో లాయరుకు కూడా చూపియ్యాలె. ఫీజుకు వెనుకాడేది కాదు అది.

పన్ను మినహాయింపు ముచ్చట ఎక్కువ మాట్లాడ. పాత పద్ధతిలో పన్ను కట్టేటోళ్లకే సొంతంగా ఉండే ఇంటి మిత్తి మీద ఏడాదికి 2 లక్షల దాకా తగ్గింపు. కొత్త పద్ధతిలో అది లేదు. దాన్ని చూసి అప్పు పెంచుకునుడు వట్టి తెలివితక్కువ పని.

ఇగ బ్యాంకుకు పోయేటప్పుడు అన్న ఏం అడగాల్నో రాసుకో. 2024 అక్టోబరు నుంచి ప్రతి బ్యాంకూ అప్పు వివరాలన్నీ ఒక్క కాగితం మీద ఇయ్యాలె, దాన్ని కీ ఫ్యాక్ట్ స్టేట్‌మెంట్ అంటరు. ప్రాసెసింగ్ ఫీజు, లీగల్ ఖర్చు అన్నీ కలిపి ఏడాదికి నిజంగా పడే శాతం అందులో ఉంటది. మీ బాపు బ్యాంకుదీ, చిన్నాయన బ్యాంకుదీ రెండు కాగితాలు పక్కపక్కన పెడితే చాయ్‌లు చల్లారే పని ఉండదు. అప్పు తీరినంక ఇంటి అసలు కాగితాలు 30 రోజుల లోపల చేతికి రావాలె. బ్యాంకు తప్పుతో ఆలస్యమైతే రోజుకు 5,000 రూపాయలు బ్యాంకే మనకు కట్టియ్యాలె, 2023 డిసెంబరు నుంచి ఈ నియమం అమల్లో ఉన్నది.