జుట్టు మాత్రలు వాడుతున్నారా? థైరాయిడ్ పరీక్షకు ముందు చెప్పండి

రక్త పరీక్షకు వచ్చినవారిని "ఏ మందులు వాడుతున్నారు?" అని మేము తప్పక అడుగుతాము. బి.పి. మాత్రలు, షుగరు మాత్రలు అందరూ చెబుతారు. జుట్టు రాలకుండా, గోళ్ళు విరగకుండా వేసుకునే మాత్రల మాట చాలామంది చెప్పరు. "అది విటమినే కదా" అనుకుంటారు. కాని ఆ విటమిను వలన, లేని జబ్బు ఉన్నట్లు రిపోర్టు రావచ్చు.

బయోటిన్ అంటే ఏమిటి?

బయోటిన్ 'బి' విటమిన్లలో ఒకటి. గుడ్లు, వేరుశనగ పప్పు, కాలేయం వంటి ఆహారంలో లభిస్తుంది. పెద్దవారికి రోజుకు 30 నుండి 40 మైక్రోగ్రాములు చాలు. జుట్టు కోసం అమ్మే మాత్రలు కొన్నింటిలో 10,000 మైక్రోగ్రాములు, అంటే 10 మిల్లీగ్రాములు ఉంటుంది. ఇది అవసరానికి 200 రెట్లకు పైమాటే. శరీరానికి దీనివలన సాధారణంగా హాని లేదు. చిక్కంతా పరీక్షలోనే.

పరీక్ష ఎలా తప్పుతుంది?

హార్మోన్లను కొలిచే యంత్రాలలో కొన్ని, బయోటిన్ తగిలించిన రసాయనాలను వాడతాయి. అవి యంత్రంలోని సన్నని పూసలకు అంటుకోవాలి. రక్తంలో బయోటిన్ ఎక్కువగా ఉంటే అదే ముందుగా వెళ్ళి ఆ పూసలను ఆక్రమిస్తుంది. బస్సులో మన సీట్లలో ముందే ఎవరో కర్చీఫ్ వేసినట్లన్నమాట! అప్పుడు టి.ఎస్.హెచ్. ఉన్నదానికంటే తక్కువగాను, టి3, టి4 ఎక్కువగాను కనిపిస్తాయి. థైరాయిడ్ అతిగా పనిచేసేవారికి వచ్చే రిపోర్టు అచ్చం ఇలాగే ఉంటుంది.

ప్రమాదం ఎక్కడ?

ఒక సోదరికి ఇలాంటి రిపోర్టు వచ్చిందనుకుందాం. ఆమెకు గుండెదడ లేదు, చేతుల వణుకు లేదు, బరువు తగ్గలేదు. అయినా రిపోర్టును మాత్రమే చూసి మందు మొదలుపెడితే, బాగా ఉన్న థైరాయిడ్ మందగిస్తుంది. ఆ మందుల వలన అరుదుగా తెల్ల రక్తకణాలు కూడా ప్రమాదకరంగా పడిపోతాయి. ఇక ఇప్పటికే థైరాక్సిన్ మాత్ర వేసుకునే గర్భిణి విషయంలో, టి.ఎస్.హెచ్. తక్కువగా ఉందని మోతాదు తగ్గిస్తే తల్లికీ బిడ్డకీ నష్టమే.

గుండెపోటును గుర్తించే ట్రోపోనిన్ పరీక్ష కూడా ఇలాగే తప్పుగా తక్కువ చూపవచ్చు. అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ 2017లో దీనిపై హెచ్చరిక ఇచ్చింది. బయోటిన్ ఎక్కువగా వాడుతున్న ఒకరికి ట్రోపోనిన్ తప్పుగా తక్కువ వచ్చిందనీ, ఆ రోగి మరణించారనీ అందులో తెలిపింది. ఆ తరువాత కొన్ని కంపెనీలు తమ పరీక్షలను మార్చాయి. అయినా అన్ని ల్యాబులలోను ఒకే రకం యంత్రం ఉండదు కనుక జాగ్రత్త అవసరమే.

మరికొన్ని మందులు

వాంతులకు వాడే డోంపెరిడోన్, కొన్ని మానసిక వ్యాధుల మందులు ప్రోలాక్టిన్ హార్మోనును పెంచుతాయి. ఈ సంగతి తెలియకపోతే మెదడులో గడ్డ ఉందేమోనని స్కానింగుల వరకు వెళ్ళవలసి వస్తుంది. ప్రెడ్నిసొలోన్ కార్టిసాల్ పరీక్షను తారుమారు చేస్తుంది. గర్భనిరోధక మాత్రల వలన మొత్తం టి4 ఎక్కువగా కనిపిస్తుంది.

మీరు చేయవలసినవి

• వాడే ప్రతి మాత్ర, పొడి, టానిక్కు అట్టపెట్టెను లేదా సీసాను పరీక్షకు వచ్చేటప్పుడు తెచ్చి చూపండి.
• జుట్టు మాత్రలలో బయోటిన్ ఉంటే థైరాయిడ్ పరీక్షకు కనీసం రెండు రోజుల ముందు ఆపండి. మూత్రపిండాల జబ్బు ఉన్నవారు, ఇంకా పెద్ద మోతాదు వాడేవారు ఎన్ని రోజులు ఆపాలో డాక్టరుగారిని అడగండి.
• బి.పి., షుగరు, థైరాయిడ్, ఫిట్స్ మందులను, స్టెరాయిడ్లను మాత్రం మీ అంతట మీరు ఆపవద్దు.
• ఛాతీ నొప్పి వస్తే ఒక్క నిమిషం కూడా ఆగకండి. వెంటనే ఆసుపత్రికి వచ్చి, బయోటిన్ వాడుతున్న సంగతి చెప్పండి.
• మీ బాధలకూ రిపోర్టుకూ పొంతన లేకపోతే, "మళ్ళీ పరీక్ష చేయించమంటారా?" అని అడగడానికి మొహమాటపడకండి.

రిపోర్టు కాగితం ఒక్కటే జబ్బును నిర్ణయించదు. మీరు చెప్పే మాట కూడా అందులో భాగమే.