తెల్లని ఆకుల మొక్కలు: ఇంట్లో ఎవరున్నారో చూసి కొనండి

తొలకరి పడగానే నర్సరీల ముందు రద్దీ మొదలవుతుంది. ఇప్పుడు చాలామంది పూలకన్నా ఆకుల అందం చూసి మొక్కలు కొంటున్నారు. సున్నం చిలకరించినట్టు తెల్ల మచ్చలున్నవి, అంచు తెల్లగా ఉన్నవి, వెండి పొడి అద్దినట్టు మెరిసేవి అందరికీ నచ్చుతాయి. పూలు లేని రోజుల్లో కూడా ఇంటి ముందు కళ తగ్గదు. అయితే "పసిపిల్లలున్న ఇల్లు, ఇవి పెంచుకోవచ్చా?" అని తల్లులు మమ్మల్ని అడుగుతూ ఉంటారు. అడగవలసిన ప్రశ్నే అది.

ఆకు ఎందుకు తెల్లగా ఉందో తెలిస్తే మొక్కను ఎక్కడ పెట్టాలో తెలుస్తుంది. కొన్నిటికి ఆకు నిండా సన్నని నూగు ఉంటుంది. మాలల్లో కట్టే దవనం ఆ కోవలోదే. నూగు ఎండను తిప్పికొట్టి ఆకులోని తడిని కాపాడుతుంది. ఇలాంటివాటికి ఎండ కావాలి, వేళ్ల దగ్గర నీరు నిలిస్తే కుళ్ళిపోతాయి. రెండో రకంలో తెల్లగా ఉన్నచోట పత్రహరితం ఉండదు. ఆ భాగం ఆహారం తయారు చేయలేదు కాబట్టి మొక్క నెమ్మదిగా పెరుగుతుంది, మే నెల ఎండకు మాడిపోతుంది. వీటిని వరండాలోనో చెట్టు నీడనో ఉంచాలి. మధ్యలో పూర్తిగా పచ్చని కొమ్మ వస్తే తుంచేయండి. లేకపోతే అదే బలంగా పెరిగి తెల్లవాటిని అణగదొక్కేస్తుంది.

ఇక ఆరోగ్యం సంగతి. నీడలో పెరిగే తెల్ల మచ్చల మొక్కల్లో చాలా వరకు చేమ, కంద కుటుంబానివే. డిఫెన్‌బాకియా, కెలాడియం, అగ్లోనిమా, సింగోనియం, చివరికి మనీప్లాంటు కూడా ఆ కుటుంబమే. కందకు లేని దురద కత్తిపీటకెందుకని సామెత చెప్పుకుంటాం గాని, కంద కోసిన చేతికి ఆ దురద బాగా తెలుసు. ఆకులోను, కాడలోను కంటికి కనిపించని సూదుల్లాంటి కాల్షియం ఆక్సలేట్ స్ఫటికాలు ఉంటాయి. కందను మనం చింతపండు వేసి ఉడికించి తింటాం. పాకే బిడ్డ డిఫెన్‌బాకియా ఆకును పచ్చిగానే కొరుకుతాడు. వెంటనే నోరు మండి, పెదవులు, నాలుక వాచి, చొంగ కారుతుంది. మాట పెగలదు. అందుకే ఇంగ్లీషులో దానికి 'డంబ్ కేన్' అని పేరు వచ్చింది.

అలా జరిగితే కంగారుపడి గొంతులో వేలు పెట్టి వాంతి చేయించకండి. నోట్లో మిగిలిన ఆకు ముక్కలు తీసి, తడిగుడ్డతో తుడిచి, చల్లని నీళ్లో పాలో కొద్దికొద్దిగా తాగించండి. ఎక్కువమందికి వాపు దానంతటదే తగ్గుతుంది. కానీ ఊపిరి కష్టమైనా, గొంతు మారినా, మింగలేక చొంగ కారుతూనే ఉన్నా ఏమీ తాగించకుండా వెంటనే 108కి ఫోన్ చేయండి. ఆసుపత్రికి వచ్చేటప్పుడు ఆ మొక్క ఆకు ఒకటి సంచిలో వేసుకు రండి. "ఏదో తెల్ల మచ్చల మొక్కండీ" అంటే డాక్టరు పోల్చుకోవడం కష్టం.

పాలు కారే మొక్కలు మరో సంగతి. కంచెగా వేసే పెడిలాంథస్‌కు ఆకు అంచు తెల్లగా ముచ్చటగా ఉంటుంది, తుంచితే పాలు వస్తాయి. జిల్లేడును ఎవరూ కొనరు, గోడ పక్కన తనే మొలుస్తుంది. దాని ఆకూ తెల్లగా పిండి రాసినట్టే ఉంటుంది. జిల్లేడు పాలు కంట్లో పడితే ఒక్కోసారి పెద్దగా నొప్పి ఉండదు, చూపు మాత్రం మసకబారుతుంది. నొప్పి లేదు కదా అని రెండు మూడు రోజులు ఊరుకోవడమే చేటు. పాలు లోపలికి ఇంకి నల్లగుడ్డు మీది పారదర్శక పొరను దెబ్బతీస్తాయి. ఏ మొక్క పాలు పడినా కన్ను నలపకుండా శుభ్రమైన నీటి ధార కింద 15, 20 నిమిషాలు కడగండి. చనుబాలు, ఆముదం, ఆకు పసరు కంట్లో పోయవద్దు. నొప్పి ఉన్నా లేకున్నా అదే రోజు కంటి డాక్టరుకు చూపించండి.

అయితే తెల్లాకు మొక్కలే వద్దా? అక్కర్లేదు. పిల్లలున్న ఇంట్లో నీడకు స్పైడర్ ప్లాంటు మంచిది. సన్నని ఆకుల మీద తెల్ల చారలతో చుట్టూ పిలకలు వేస్తుంది, ఒక కుండీ కొంటే ఏడాదికి పది అవుతాయి. అల్యూమినియం ప్లాంటు అనే పైలియా కూడా పెట్టుకోవచ్చు. ఆకు పైపొర కింద గాలి ఉండటం వల్ల దానికి ఆ వెండి మెరుపు. మాకు అన్నిటికన్నా నచ్చేది తెల్ల అంచు వాము ఆకు. చూడటానికి అందం, బజ్జీలకూ పనికొస్తుంది. నర్సరీ వాళ్లు మందులు కొట్టి ఉంటారు కనుక కొత్తగా తెచ్చినప్పుడున్న ఆకులు తినకుండా, కొత్త చిగుళ్లు వచ్చి ఎదిగాక వాడండి. ఎండ పడేచోట ల్యూకోఫిల్లమ్ అనే వెండి ఆకుల పొద వేసుకోవచ్చు. నీరు తక్కువ చాలు, వానల తర్వాత ఊదా పూలు పూస్తుంది. చలికాలంలో దొరికే డస్టీ మిల్లర్ వెండి రంగు చూడచక్కనిదే గాని, దాని ఆకులో కాలేయానికి హాని చేసే పదార్థాలున్నాయి. మాచిపత్రిలా ఉందని కషాయాల్లో వేయకండి.

వృద్ధులున్న ఇంట్లో ఈ తెలుపు మరో రకంగా అక్కరకు వస్తుంది. శుక్లం ముదిరిన కంటికి మునిమాపు వేళ మట్టి, ఆకుపచ్చ ఒకటిగా కలిసిపోతాయి, తెలుపు కొంత విడిగా తెలుస్తుంది. మెట్ల పక్కన, స్నానాల గదికి వెళ్లే దారి అంచున స్పైడర్ ప్లాంటు, వాము ఆకు వరుసగా నాటితే దారి ఎక్కడిదాకా ఉందో పోల్చుకోగలరు. కుండీలు మాత్రం నడిచే దారిలోకి రాకూడదు. బల్బు కూడా వేయించండి, మొక్క దీపం కాదు.

కుండీల కింది పళ్లాల్లో నీరు వారానికి ఒకసారైనా పారబోసి, పళ్లెం రుద్ది కడగాలి. సీసాలో పెట్టిన మనీప్లాంటు నీరూ అంతే. డెంగ్యూ దోమ గుడ్లు పెట్టేది అలాంటి నీటిలోనే.

ఇప్పటికే ఇంట్లో డిఫెన్‌బాకియా ఉంటే పారేయనక్కర్లేదు. పిల్లల చేతికి అందని గట్టు మీదికో, తాళం వేసే మేడ మీదికో మార్చండి. కొమ్మలు కోసేటప్పుడు చేతులకు ప్లాస్టిక్ సంచులు తొడుక్కోండి, కత్తి కడగండి, కోసిన ముక్కలు వాకిట్లో వదిలేయకండి. బిడ్డకు నాలుగైదేళ్లు వచ్చి, చెప్పిన మాట అర్థమయ్యాక మళ్లీ కిందికి తెచ్చుకోవచ్చు.