అందని సూచన

1977 సెప్టెంబరు 24న అమెరికాలోని ఒహాయో రాష్ట్రంలో, డేవిస్-బెస్సీ అణు విద్యుత్ కేంద్రంలో ఒక వాల్వు తెరుచుకుని, తిరిగి మూసుకోలేదు. దానిగుండా రియాక్టరును చల్లబరచవలసిన నీరు తరలిపోతూ ఉంటే, మట్టాన్ని చూపే పరికరం మాత్రం నీరు పెరుగుతున్నట్లు చూపింది. దానిని నమ్మిన ఆపరేటర్లు అత్యవసరంగా నీరు నింపే పంపులను ఆపివేశారు. రియాక్టరు ఆనాడు స్వల్పశక్తితో నడుస్తూ ఉండడంవల్ల, అసలు లోపం కొద్దిసేపటికే బయటపడడంవల్ల, ప్రమాదం తప్పింది.

ఆ రియాక్టరును నిర్మించిన బాబ్‌కాక్ అండ్ విల్‌కాక్స్ కంపెనీలో ఇద్దరు ఇంజనీర్లు దీనిని తేలికగా విడిచిపెట్టలేదు. నవంబరులో ఒకరు, 1978 ఫిబ్రవరిలో బెర్ట్ డన్ అనే మరొకరు, ఆపరేటర్లకు స్పష్టమైన సూచనలు పంపాలని కోరుతూ లేఖలు వ్రాశారు. పూర్తిశక్తితో నడిచే రియాక్టరులో ఇదే జరిగితే ఇంధనమే దెబ్బతినవచ్చునని డన్ హెచ్చరించాడు.

ఆ లేఖలు ఏమయ్యాయి? వాటిని ఎవరూ చించి పారవేయలేదు. ఒక విభాగం కొన్ని సందేహాలు లేవదీసింది. అవి మరొక విభాగానికి వెళ్ళాయి. అక్కడినుండి సకాలంలో జవాబు రాలేదు. సూచనలు అక్కడే నిలిచిపోయాయి.

1979 మార్చి 28 తెల్లవారుజామున, పెన్సిల్వేనియాలోని త్రీ మైల్ ఐలాండ్ కేంద్రంలో అటువంటి వాల్వే తెరుచుకుని ఉండిపోయింది. అదే కంపెనీ నిర్మించిన రియాక్టరు అది. ‘మూసుకో’ అన్న ఆదేశం వెళ్ళిందని మాత్రమే అక్కడి దీపం తెలుపగలదు; వాల్వు నిజంగా మూసుకున్నదో లేదో తెలుపదు. ఇక్కడి ఆపరేటర్లు కూడా నీటిని తగ్గించారు. రెండు గంటలకు పైగా లోపం అంతుపట్టలేదు. రియాక్టరు గర్భంలో దాదాపు సగం కరిగిపోయింది. గణితవేత్త జాన్ కెమెనీ అధ్యక్షతన ఏర్పడిన విచారణ సంఘం, ఆపరేటర్ల పొరపాట్లతోపాటు వారికిచ్చిన శిక్షణను, గందరగోళమైన నిర్వహణ సూచనలను, వారికి చేరని ఆ హెచ్చరికను కూడా తప్పుపట్టింది.

యంత్రాలకు, మందులకు, కంప్యూటర్లకు వాడుక సూచనలు వ్రాసే సాంకేతిక రచయితలు నేడు హైదరాబాదులోను, బెంగుళూరులోను ఎందరో ఉన్నారు. వారిపై అధికారం వహించేవారు ఈ ఉదంతంనుండి గ్రహించవలసినది చాలా ఉంది. ఆనాడు లోపించినది తెలివీ కాదు, భాషా కాదు, బాధ్యత.

ప్రతి పత్రానికి ఒక బాధ్యుడు ఉండాలి. రచయిత అడిగిన ప్రతి ప్రశ్నకు జవాబు చెప్పవలసిన వ్యక్తి పేరు, గడువు తేదీ వ్రాసిపెట్టాలి. గడువు దాటితే నిర్ణయం ఎవరిదో ముందే తేల్చుకోవాలి. రచయితను పని ముగిసిన తరువాత కాక, రూపకల్పన నాడే పిలవాలి. “ఈ దీపం ఏమి తెలుపుతుంది?” అని అమాయకంగా అడగగలవాడు అతడే. పత్రం పూర్తయ్యాక, యంత్రం తయారుచేసినవారికి కాక, దానిని వాడబోయేవారికి ఇచ్చి, వారెక్కడ తడబడుతున్నారో గమనించాలి. రచయిత శ్రమను పుటల లెక్కతో కొలవకూడదు. నాలుగు పుటలను నాలుగు వాక్యాలకు కుదించడమే అతని గొప్ప సేవ కావచ్చు.

ఇందుకు పెద్ద ఖర్చేమీ అక్కరలేదు. మీ కార్యాలయంలో ఏ సూచన ఎవరి జవాబుకోసం ఎన్నాళ్ళుగా నిరీక్షిస్తున్నదో ఈ వారమే ఒకసారి విచారించండి. ఆ జాబితాలో మీ పేరే ఉంటే, ముందుగా ఆ జవాబు వ్రాయండి.