పాసుబుక్కులో పేరెవరిది?

అక్కలారా, నాట్లు వేసేది మీరు. కలుపు తీసేది మీరు. పంట పెట్టుబడి సాయం ఎవరి ఖాతాలో పడుతుంది? పట్టాదారు పాసుబుక్కులో పేరున్నవాళ్ల ఖాతాలో.

2018లో ఈ సాయం రైతుబంధు పేరుతో మొదలైంది. అప్పుడు ఎకరానికి వానాకాలం 4,000 రూపాయలు, యాసంగికి 4,000. 2025లో రైతు భరోసా అని పేరు మారింది. పంటకు 6,000 అయింది. జనగామలో రెండెకరాల పట్టా ఉంటే పంటకు 12,000 అన్నమాట.

కౌలుదారుకు మాత్రం రైతుబంధు రాలేదు. చెమట ఒకరిది, సాయం ఇంకొకరిది. ఇదేం న్యాయమో!

భర్త పోతే పట్టా దానంతట అదే భార్య పేరుకు మారదు. తహసీల్దారు ఆఫీసులో విరాసత్ చేయించుకోవాలి.

మహబూబాబాద్, భూపాలపల్లి అడవి పల్లెల్లో పోడు పట్టాలున్నాయి. 2006 అటవీ హక్కుల చట్టం ప్రకారం, పెళ్లయినవాళ్ల పట్టాలో భార్యాభర్తలిద్దరి పేర్లూ ఉండాలి. మీ పట్టా తీయండి. కూడబలుక్కునైనా సరే, పేర్లు మీరే చదవండి.