వణుకు వ్యాధి పరిశోధనకు పల్లె వృద్ధులూ అవసరమే

అరుగు మీద కూర్చున్న తాత చేయి, పని లేనప్పుడు తనంతట తానే వణుకుతుంటుంది. లేచి నాలుగడుగులు వేయబోతే కాళ్లు నేలకు అతుక్కుపోయినట్లవుతాయి. చొక్కా గుండీలు పెట్టుకోవడానికే పావుగంట పడుతుంది. ఇంట్లోవారు "పెద్దతనం వచ్చింది, ఇక ఇంతే" అని సరిపెట్టుకుంటారు. పల్లెల్లో తరచు కనిపించే దృశ్యమిది. అయితే అది ముసలితనమే కానక్కరలేదు, పార్కిన్సన్ వ్యాధి కావచ్చు.

మెదడులో డోపమైన్ అనే రసాయనాన్ని తయారుచేసే కణాలు క్రమంగా నశించడం వల్ల ఈ జబ్బు వస్తుంది. అరవై దాటిన వారిలో నూటికి సుమారు ఒకరికి ఇది ఉంటుందని అంచనా. కొందరికి వణుకు అసలే ఉండదు. కదలికలు మందగించడం, ఒళ్లు బిగుసుకుపోవడం, గొంతు సన్నబడడం, చేతిరాత చిన్నదైపోవడం దీని లక్షణాలే. పూర్తిగా నయం చేసే మందు ఇంకా రాలేదు. లెవోడోపా వంటి మందులతో కదలికలు మెరుగుపడతాయి.

ఇంటింటికీ వెళితేనే...

ఈ వ్యాధిని 1817లో లండన్ వైద్యుడు జేమ్స్ పార్కిన్సన్ ఆరుగురిని పరిశీలించి వర్ణించాడు. వారిలో కొందరు ఆయనకు వీధిలో కనిపించినవారే. మన దేశంలో బొంబాయి పార్సీల కాలనీలలో ఇంటింటికీ తిరిగి జరిపిన సర్వే ఫలితాలు 1988లో వెలువడ్డాయి. అక్కడ లక్షకు 328 మందికి ఈ వ్యాధి ఉన్నట్లు తేలింది.

పట్నంలోని ఆస్పత్రికి రాగలిగిన వారితోనే పరిశోధన చేస్తే సగం కథే తెలుస్తుంది. జబ్బు ముదిరి పడిపోతున్నవారు, మతిమరుపు వచ్చినవారు, బస్సెక్కించే తోడు లేనివారు ఆ లెక్కలోకి రారు. ఈ వ్యాధితో వృద్ధాప్యం ఎలా గడుస్తుందో చెప్పగలిగింది వారూ, వారిని చూసుకునే ఇంటివారే. పోల్చి చూడటానికి జబ్బు లేని అదే వయసువారు కూడా కావాలి.

భయం ఊరికే రాలేదు

పరిశోధన అనగానే పల్లె జనం వెనుకంజ వేయడంలో తప్పులేదు. ఖమ్మం జిల్లాలో బాలికలకు క్యాన్సర్ నివారణ టీకా వేసి జరిపిన అధ్యయనాన్ని 2010 ఏప్రిల్‌లో ఆపివేయవలసి వచ్చింది. చాలా అంగీకార పత్రాలపై తల్లిదండ్రులకు బదులు హాస్టల్ వార్డెన్లు సంతకాలు చేసినట్లు తరువాత బయటపడింది. అందుకే వేలిముద్ర వేసే ముందు విషయమంతా తెలుసుకోవాలి.

అడగవలసిన సంగతులు

ఇది జబ్బు తీరును గమనించే అధ్యయనమా, కొత్త మందును పరీక్షించేదా అన్నది మొదట అడగాలి. మొదటి రకంలో సాధారణంగా నడక, జ్ఞాపకశక్తి, రక్తం వంటివి పరీక్షిస్తారు, కొత్త మందు ఇవ్వరు. రెండవ రకంలో ప్రమాదమూ ఉండవచ్చు. దానివల్ల హాని జరిగితే ఉచిత వైద్యం, నష్టపరిహారం ఇవ్వాలని 2019 నాటి నిబంధనలు చెబుతున్నాయి.

అంగీకార పత్రం తెలుగులో ఇవ్వమనాలి. చదువురాని వారికి సంబంధం లేని సాక్షి ఎదుట చదివి వినిపించాలి. మతిమరుపు వల్ల విషయం గ్రహించలేని వారి తరఫున చట్టప్రకారం హక్కున్న బంధువు నిర్ణయం తీసుకుంటారు. పరిశోధన కోసం చేసే పరీక్షలకు డబ్బు కట్టనక్కరలేదు. దారి ఖర్చులు ఇస్తారా అని అడగవచ్చు. ఇష్టం లేకపోతే ఎప్పుడైనా మానుకోవచ్చు, అంతమాత్రాన మామూలు వైద్యం ఆపకూడదు.

వాడుతున్న మందులన్నీ, నాటువైద్యంతో సహా, దాచకుండా చెప్పాలి. చేలగట్ల మీద పెరిగే దూలగొండి గింజల్లో లెవోడోపా సహజంగానే ఉంటుంది. దాన్ని సొంతంగా వాడితే మోతాదు తప్పే ప్రమాదముంది.

అరుగు మీది తాతను ముందుగా నరాల వైద్యునికి చూపించాలి. పరిశోధన సంగతి ఆ తరువాత. అందులో చేరినా, చేరకపోయినా డాక్టరు రాసిన మాత్రలను చెప్పకుండా మానరాదు.