విశేషణం ముత్యానికా, హారానికా?

‘తెల్ల ముత్యాల హారం’ అన్నప్పుడు ‘తెల్ల’ అన్న విశేషణం ముత్యాలకు చెందుతుందా, హారానికి చెందుతుందా? వ్యాకరణ పాఠంలో మేము విద్యార్థులను అడిగే ఈ ప్రశ్న కంప్యూటరు భాషలోనూ ఉన్నదని తెలిసినప్పుడు మాకు ఆశ్చర్యం కలిగింది.

1970ల ఆరంభంలో బెల్ ప్రయోగశాలలో డెన్నిస్ రిచీ రూపొందించిన ‘సి’ భాషలో, ఒకే జాతి విలువలను వరుసగా పేర్చిన దానిని అర్రే అంటారు. 1989 నాటి ప్రమాణం ఈ భాషకు రెండు విశేషణాలను సమకూర్చింది. ‘కాన్‌స్ట్’ అనగా ఈ పేరుతో విలువను మార్చరాదని. ‘వొలటైల్’ అనగా ప్రోగ్రాము ప్రమేయం లేకుండానే విలువ మారవచ్చునని.

మరి అర్రే ముందు ‘కాన్‌స్ట్’ ఉంచితే? విశేషణం ముత్యాలకే చెందుతుంది, హారానికి కాదు అన్నదే ఆనాటి తీర్పు. ‘టైప్‌డెఫ్’ ద్వారా అర్రే జాతికి ఒక పేరు పెట్టి, ఆ పేరుకు ‘కాన్‌స్ట్’ చేర్చినా అది మూలకాలకే సంక్రమిస్తుంది.

ఇందులో చిక్కేమిటి? నలభైమంది విద్యార్థుల మూడేసి మార్కుల పట్టిక ఉన్నదనుకుందాము. సగటు కట్టే ఫంక్షను ‘మార్కులను చదువుతాను, మార్చను’ అని కాన్‌స్ట్ ద్వారా మాట ఇస్తుంది. ఒంటరి విలువ విషయంలో ఈ మాట చెల్లుతుంది. కానీ ఇక్కడ పాయింటరు చూపేది మూడు మార్కుల అర్రేను. విశేషణం అర్రేకు అంటలేదు కనుక, పాత నియమం ప్రకారం రెండూ వేర్వేరు జాతులు. మామూలు పట్టికను అందిస్తే నియమభంగం. మాట ఇచ్చినందుకే శిక్ష! విసిగిన ప్రోగ్రామరు కాన్‌స్ట్‌ను తొలగిస్తాడు, లేదా బలవంతపు జాతి మార్పిడికి పూనుకుంటాడు. రెండవ పక్క, కాన్‌స్ట్ మూలకాలు గల అర్రే పాయింటరును ‘వాయిడ్’ పాయింటరుకు అప్పగిస్తే అభ్యంతరమే లేదు. రక్షణ చడీచప్పుడు లేకుండా జారిపోయేది.

2024లో వెలువడిన, సి23గా పేరొందిన ప్రమాణం ఈ రెండు లోపాలనూ సరిదిద్దింది. ఇప్పుడు విశేషణం ముత్యాలకూ, హారానికీ సమానంగా వర్తిస్తుంది.

అయితే రెండు విషయాలు మరువరాదు. ఫంక్షను పరామితిగా వచ్చిన అర్రే పాయింటరుగా మారుతుంది; 1999 ప్రమాణం మొదలు, చదరపు కుండలీకరణంలో వ్రాసిన కాన్‌స్ట్ ఆ పాయింటరుకే చెందుతుంది, మూలకాలకు కాదు. 2011లో వచ్చిన ‘అటామిక్’ విశేషణం మూలకాలకు తగును గాని అర్రేకు తగదు.

కంపైలరు అభ్యంతరం చెప్పగానే బలవంతపు మార్పిడితో దాని నోరు మూయించవద్దని విద్యార్థులకు మా మనవి. అది ఏ ప్రమాణాన్ని అనుసరిస్తున్నదో ముందుగా విచారించండి. విశేషణాన్ని తీసివేయడం సులభమే. కానీ దానితోపాటు మనమిచ్చిన మాట కూడా పోతుంది.