మన దృష్టిలో మనం

సమావేశంలో నాలుగు మాటలు చెప్పవలసిన రోజున సెలవు పెట్టేవారు, పదిమంది ఎదుట మాట్లాడవలసి వస్తుందని పదోన్నతినే వదులుకొనేవారు అనేక కార్యాలయాలలో కనిపిస్తారు. పనిలో వారు ఎవరికీ తీసిపోరు. తమను గురించి తాము మనస్సులో చిత్రించుకొన్న రూపమే వారిని వెనుకకు లాగుతుంది. ఆ రూపాన్నే మనస్తత్వ శాస్త్రం 'ఆత్మభావన' అంటుంది.

మనస్తత్వవేత్త టోరీ హిగ్గిన్స్ 1987లో దీనిని మూడు రూపాలుగా వివరించారు. మనం ఎలా ఉన్నామనుకొంటామో అది మొదటిది. ఎలా ఉండాలని ఆశిస్తామో అది రెండవది. ఎలా ఉండి తీరాలని భావిస్తామో అది మూడవది. ఉన్న రూపానికీ ఆశించిన రూపానికీ నడుమ దూరం పెరిగితే దిగులు, ఉన్న రూపానికీ ఉండి తీరవలసిన రూపానికీ నడుమ దూరం పెరిగితే ఆందోళన కలుగుతాయని ఆయన సిద్ధాంతం. నిత్యజీవితంలో ఈ రెండూ తరచు కలిసే వస్తాయి. భయంతో నలుగురికీ దూరమైనవారు ఒంటరితనంతో కుంగిపోతారు. కుంగినవారు తాము ఎందుకూ కొరగామని మరింత ముడుచుకుపోతారు.

అందరూ మనల్నే చూస్తున్నారనే భయంలో నిజమెంత? గిలోవిచ్ బృందం 2000లో ప్రచురించిన ప్రయోగంలో విద్యార్థులకు సిగ్గు కలిగించే బొమ్మ గల టీషర్టు తొడిగి తోటివారి మధ్యకు పంపారు. దాదాపు సగం మంది దానిని గమనించి ఉంటారని వారు భావించారు. వాస్తవంగా గమనించినవారు నాలుగోవంతు మాత్రమే.

కనుక మాట్లాడేటప్పుడు మన గొంతు వణకుతున్నదా అని పరీక్షించుకొనడం మాని, వినేవారిపై దృష్టి నిలపాలి. మొదట ఇద్దరి ఎదుట, పిదప ఐదుగురి ఎదుట మాట్లాడటం అభ్యసించాలి. పై అధికారులు ఇటువంటివారిని నలుగురిలో హేళన చేయరాదు. ఇంట్లో పిల్లలను పక్కింటి పిల్లల మార్కులతో పోల్చరాదు. 'ఉండి తీరవలసిన రూపం' ఇటువంటి మాటలతోనే వారి మనస్సులో బరువెక్కుతుంది.

దిగులు, నిద్రలేమి, ఆకలి మందగించడం, దేనియందూ ఆసక్తి లేకపోవడం రెండు వారాలకు మించితే వైద్యుని సంప్రదించాలి. ఆలోచనా ధోరణిని సరిదిద్దే చికిత్సలూ, అవసరమైతే మందులూ ఉన్నాయి. ప్రాణం తీసుకోవాలనే తలంపు వస్తే ఒక్క రోజైనా ఆగరాదు. కేంద్ర ప్రభుత్వం 2022 అక్టోబరు 10న ప్రారంభించిన టెలి మానస్ సేవకు 14416 నంబరుపై ఏ వేళనైనా ఉచితంగా ఫోన్ చేయవచ్చు, తెలుగులోనే మాట్లాడవచ్చు. జ్వరం వస్తే వైద్యుని వద్దకు వెళ్ళడానికి సిగ్గుపడము. మనస్సు నలిగినప్పుడూ సిగ్గుపడనవసరం లేదు.